నలభైలో తొమ్మిదో ప్రతి

బండి ఆలస్యమని ఇందాకే చెప్పారు, ఎంత ఆలస్యమో మాత్రం చెప్పలేదు, చెప్పరు కూడా, కాగజ్‌నగర్ స్టేషన్‌కు ఆ అలవాటు నేను ఇక్కడి కాగితం మిల్లులో చేరిన నాటినుంచీ లేదు. రానీ, ఎంత ఆలస్యమైతే అంత మంచిది, అసలు రాకపోతే ఇంకా మంచిది. ఆ పిత్రే అనే పెద్దమనిషికి నాగపూర్‌లో బండి మారేటప్పుడు కడుపులో నొప్పి లేచి, ఇంత దూరం ఎందుకులే అని బొంబాయికి తిరిగిపోతే బాగుండునని కూర్చున్నచోట కూర్చుని కోరుకుంటున్నాను. ముఖమైనా చూడని మనిషికి కడుపునొప్పి మొక్కుకునే దాకా వచ్చింది నా పెద్దరికం. ఒళ్లో రెండు అట్టల మధ్య పెట్టి పాత పంచెలో చుట్టిన బొమ్మ ఉంది. ఒక్కటే తెచ్చాను. మిగతావి ఇంట్లో ఇనుపపెట్టెలో ఉన్నాయి, ఏడాదికొకటి చొప్పున ఇరవై ఏళ్లకు కూడినవి, అన్నీ ఒకే చిత్రకారుడివి, అన్నిటి మీదా అడుగున ఎడమవైపు పెన్సిలుతో ఒకే అంకె: నలభైలో తొమ్మిది. నలభై ప్రతులు అచ్చువేసి ఆయన ఆ అచ్చు వేసే పట్టుతెరను కోసేసేవాడు, కాబట్టి నలభై ఒకటోది ఈ భూమ్మీద ఉండదు. ఆ నలభైలో తొమ్మిదోది ప్రతి ఏడూ నాదే. ఒకే అంకెతో మొదటినుంచి చివరిదాకా తెగకుండా ఉన్న వరుస ఇంకెక్కడా దొరకలేదట, అందుకే బొంబాయిలో ఒక మ్యూజియం వాళ్లు వాటికి విలువకట్టి రమ్మని ఈ పిత్రేని పంపుతున్నారు, బాగుంటే ఒక గదిలో గోడలకు వరుసగా పెడతారట. నిన్న మధ్యాహ్నం దాకా నేను ఈ బండికోసం పెళ్లివారికోసం చూసినట్టు చూశాను. నిన్న మధ్యాహ్నం పెట్టె మూత తీశాను. అన్నీ చెడిపోయి ఉన్నాయి. చెడగొట్టింది నా భార్య దేవకి, చెడగొట్టానని ఆమెకు తెలియదు. తెలియకూడదు. ఆమె లేనిచోట, ఇక్కడే, ఈ బెంచీ మీదే ఆ మనిషికి సంగతి చెప్పి వచ్చిన దారినే వెనక్కి పంపాలి, అదీ ఈ పొద్దుటి నా పని.

చలిగా ఉంది. అడవి దగ్గర కదా, కార్తీకం వచ్చిందంటే ఈ జిల్లాలో ఎండ కూడా కప్పుకోను ఏదైనా ఉందా అని అడుగుతున్నట్టే వస్తుంది. మిల్లు వాసన వేస్తోంది, ఉడికిన వెదురు, గంధకం, ఎక్కడో మురిగిన కోడిగుడ్డు; కొత్తగా బండి దిగినవాళ్లు ముక్కు మూసుకుంటారు, మేమైతే ఊరుపోయి వచ్చాక ఆ వాసన తగలగానే ఇల్లు చేరామని ఊపిరి పీల్చుకుంటాం. ఎదురుగా ఇనుప కటకటాల నీడ సిమెంటు మీద చారలు చారలుగా పడింది, నలుపు, తెలుపు, నలుపు, తెలుపు, కొత్త కళ్లద్దాల్లోంచి చూస్తే ఆ చారలు అంచుల దగ్గర వంగుతున్నాయి, తల కాస్త తిప్పితే పాకుతున్నాయి. శుక్లాలు తీశాక ఇచ్చిన అద్దాలు ఇవి, సీసా అడుగంత మందం, తలుపులన్నీ పొట్టలు పెంచుకున్నట్టు కనబడతాయి, మెట్టు ఎక్కడుందో కాలికే తెలియాలి. ఆ బొమ్మలు వేసిన టికేకర్ ఉంటే నవ్వేవాడు. నేను నెలల తరబడి కొలబద్ద పట్టుకుని సాధించింది నీకు కళ్లజోళ్లవాడు ఊరికే ఇచ్చాడా అనేవాడు. ఆయన పోయి రెండేళ్లయింది. మోరేశ్వర్ టికేకర్, నాగపూర్ మనిషి, నాకు తెలిసిన ఒకే ఒక చిత్రకారుడు, నేను ఆయనను కళ్లారా చూసింది ఒకే ఒక్కసారి, ఈ స్టేషన్‌లోనే, అరవైతొమ్మిదిలో. తెలంగాణ ఎజిటేషన్ రోజులు. పట్టాల మీద జనం కూర్చుంటే మద్రాసు పోయే బండి పొద్దుటినుంచి కదలక నిలిచిపోయింది, బస్సులు లేవు, స్టేషన్‌లో చాయ కూడా అయిపోయింది. ఒక సన్నపాటి మనిషి రైలుపెట్టెలోంచి దిగి, లోడుకు వచ్చిన మా మిల్లు కాగితం కట్టల దగ్గర నిలబడి, చిరిగిన మూల నుంచి ఒక కాగితం లాగి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చప్పుడు విన్నాడు. కాగితాన్ని చెవితో చూసేవాణ్ణి నేను మిల్లు బయట ఎన్నడూ చూడలేదు. నేనప్పుడు లాబరేటరీలో చిన్న ఉద్యోగిని, కాగితం మందం ఎంత, ఎంత లాగితే చిరుగుతుంది, ఎండకు ఎన్నాళ్లకు పచ్చబడుతుంది, ఇవి చూడడం నా పని. దగ్గరికి పోయి హిందీలో అడిగాను, ఏమంటోంది కాగితం అని. తడిగా ఉంది, పొడిగా ఉన్నానని అబద్ధమాడుతోంది అన్నాడు. ఇంటికి తీసుకుపోయాను. దేవకి కాపురానికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. ఆమె పుట్టిల్లు ముధోల్, బాసర పక్కన, ఇంట్లో మరాఠీ, బజారులో తెలుగు. పెళ్లయి వచ్చాక మరాఠీ మాట్లాడే మనిషి దొరకక నోరు కట్టేసుకుని ఉన్నది, ఆ రోజు జొన్నరొట్టెలు కాలుస్తూ ఆయనతో మాట్లాడినన్ని మాటలు అప్పటిదాకా నాతో మాట్లాడలేదు. నాకు కొంచెం కడుపుమంట కూడా పుట్టింది, ఇప్పుడనుకుంటే నవ్వొస్తుంది, నవ్వడానికి కూడా ఓపిక లేదు.

బండి కదులుతుందని కబురు వచ్చాక ఆయన పోతూ పోతూ, గొట్టంలోంచి ఒక బొమ్మ తీసి చేతిలో పెట్టాడు, ఉప్పు తిన్నాను కదా అని. బొమ్మ అంటే మనిషి లేడు, చెట్టు లేదు, దేవుడు లేడు. తెల్లటి కాగితం మీద నల్లటి గీతలు, ఒకదాని పక్కన ఒకటి, సన్నంగా మొదలై నడిమికి పోయేకొద్దీ లావెక్కి మళ్లీ సన్నబడి, అంతే. కానీ చూస్తూ నిలబడితే కాగితం ఊపిరి పీలుస్తుంది. ఉబ్బుతుంది, లోపలికి పోతుంది, గీతల సందుల్లో లేని రంగులు పాకుతాయి, చూపు ఎక్కడా ఆనదు, ఆనిందనుకున్న చోటినుంచి జారిపోతుంది. అది చదునుగా ఉందని చేతికి తెలుసు, కంటికి తెలియదు. వెంట్రుక మందం తేడా పట్టుకుని జీతం తీసుకునే మనిషిని నేను, నా కన్నే నాతో ఇంత పచ్చిగా బొంకడం చూసి ఆ పూట అన్నం సహించలేదు. తర్వాత చందా కట్టాను, ఆ మొదటి బొమ్మ మీదున్న తొమ్మిదో అంకెనే ప్రతి ఏడూ నాకు ఉంచాడు. దీపావళికి అటూ ఇటూగా ఏడాదికొకటి పోస్టులో వచ్చేది, వెంట కోసేసిన పట్టుతెర ముక్క ఒకటి, ఇక అచ్చుకు వీల్లేదని సాక్ష్యంగా. మిల్లులో తెలియనివాడు లేడు. కటింగ్ సెక్షన్ సామ్యూల్, ఆదివారం మెథడిస్టు చర్చిలో అందరికంటే ముందు పాట ఎత్తుకునే గొంతు, అదే గొంతుతో గేటు దగ్గర "ఏం సారూ, గీ యేడు చాప అల్లి పంపిండా, గళ్ల లుంగీ పంపిండా" అని అడిగేవాడు. మా అన్న లక్ష్మణ్‌రావు పెద్దపల్లి నుంచి వచ్చినప్పుడల్లా ఒకటి చూపించమని, చూసి కళ్లు నలుపుకుని, "గిది గోడకు పెడితే ఇంట్లకు దొంగలు సుత రారు, కండ్లు తిరిగి గడపల్నే పడ్తరు" అనేవాడు. దేవకి మొదటి రెండేళ్లూ చూసింది, మా ఇందిర కడుపులో ఉన్నప్పుడు ఒకటి చూసి నిజంగానే వాంతి చేసుకుంది, ఆ తర్వాత చూడడం మానేసింది. పిల్ల పుట్టాక ఎంతకూ ఏడుపు ఆపకపోతే మాత్రం "జర మీ గీతలు పట్టుండ్రి" అనేది. నేను దూరంగా పట్టుకుని నిలబడితే పిల్ల టక్కున ఊరుకుని నోరు తెరుచుకుని చూసేది. ఇన్ని గీతలు కొంటే ఇంటికి కలిగిన లాభం అదొక్కటే అని దేవకి పదిమందిలో చెప్పేది, నాకు కోపం వచ్చేది కాదు, అది అబద్ధం కాదు కదా.

విలువ సంగతి ఎవరికి విప్పి చెప్తాం. పిత్రే లాంటివాళ్లు బొమ్మను ముందు బొమ్మగా చూడరు. బోర్లా తిప్పి వీపు చూస్తారు. చుట్టూ తెల్లటి అంచు కత్తిరించారేమో చూస్తారు, పటాలు కట్టేవాళ్లు చట్రంలో పట్టలేదని అంచు కోసేస్తారు, దాంతో అంకె, సంతకం రెండూ పోతాయి, పోయాక అది పెళ్లి శుభలేఖతో సమానం. తేమ తగిలిందా, వేలిముద్ర పడిందా, మడత ఉందా, ఎండ సోకిందా, పురుగు మూతి పెట్టిందా, ఒక్కొక్కటి కొంత కొంత కొరుక్కుతింటుంది. నేను వేటినీ తిననివ్వలేదు. నూలు తొడుగులు వేసుకోకుండా వాటిని ముట్టుకోలేదు, పల్చటి కాగితం మధ్యన పెట్టి, వానలకు ముందొకసారి వానలయ్యాక ఒకసారి తీసి గాలికి చూపించి, పెట్టె కింద ఇటుకలు, ఇటుకల చుట్టూ వేపాకు, పసిపిల్లకు కూడా అంత చాకిరీ చేయలేదని దేవకి సాధింపు. పిత్రే అడిగితే మచ్చలేదు, మడతలేదు, వచ్చినవి వచ్చినట్టే ఉన్నాయని రాశాను. ఆ రెండు ముక్కలు రాయడానికే ఇన్నేళ్లు బతికినట్టనిపించింది. నాకు కావలసింది పైసలు కాదు, ఉన్నది మా ఇద్దరికీ సరిపోతుంది. తెలిసినవాడొకడు, పని తెలిసినవాడు, ఆ పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసి, బాగా కాపాడారు అనాలి. ఆ ఒక్క మాట. మిల్లులో అన్నేళ్ల ఉద్యోగానికి చివరిరోజు శాలువా కప్పారు, గడియారం ఇచ్చారు, ఎవరి పేరో పిలవబోయి నా పేరు పిలిచారు. అది పోనీ. ఇదొక్కటి ఉంది కదా అనుకున్నాను.

గూడ్సు బండి ఒకటి ఆగకుండా పోతోంది, వ్యాగన్ల సందుల్లోంచి అవతలి ఎండ తళుక్కుమంటోంది, వ్యాగన్, ఎండ, వ్యాగన్, ఎండ, కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎర్రగా, నల్లగా, ఎర్రగా. నిన్న కూడా ముందు నా కంట్లోనే ఏదో అయిందనుకున్నాను. దసరా పండుగ రోజుల్లో హైదరాబాదులో ఆపరేషన్ అయింది, ఇందిర అక్కడే ఉంటుంది, అదే చూసుకుంది. దేవకి రాలేదు, రాలేకపోయింది. వాళ్ల పుట్టింటి ఆచారం, నవరాత్రుల్లో ఘటం పెడతారు, దీపం ఆరకూడదు, పెట్టినవాళ్లు ఇల్లు విడవకూడదు. కన్ను ఆపరేషన్ అని ఘటం మానితే ఆ కంటికే మంచిది కాదని ఆమె భయం. పట్టీ విప్పాక వంగొద్దు, బరువెత్తొద్దు అన్నారు, అందుకే తిరిగి వచ్చి ఇన్నాళ్లయినా పెట్టె జోలికి పోలేదు. నిన్న మధ్యాహ్నం తొడుగులు వేసుకుని పైనున్నది తీసి వెలుగులో పెట్టాను. బొమ్మ నడిమధ్యన ఎర్రటి చుక్క. ఒక కన్ను మూసి చూశాను, రెండోది మూసి చూశాను, అద్దాలు తీసి తుడిచాను, నెత్తురు జీరేమో, డాక్టరు చెప్పిన చుక్కలు ఇవేనేమో అనుకున్నాను. చూపు పక్కకు తిప్పితే చుక్క వెంట రాలేదు, కాగితం మీదే ఉంది. చుట్టూ పసుపు తడి పీల్చుకుని పాకింది. కిందిది తీశాను, దాని మీదా ఉంది. దాని కిందిదాని మీదా. అన్నిటికీ, తెల్లగా ఉన్న చోటు చూసి, ఎక్కడా తప్పకుండా, ఉంగరపు వేలితో పెట్టిన పసుపు, పసుపు మీద కుంకుమ. ఒక సంగతి చెప్పాలి, చెప్పడానికి సిగ్గుగా ఉంది: అన్నేళ్లలో మొదటిసారి ఆ బొమ్మ కదలకుండా నిలబడింది. చూపుకు ఆనడానికి ఒక చోటు దొరికింది, ఇక గీతలు పాకలేదు, ఊపిరి పీల్చలేదు, ఊరికే గీతల్లా ఉన్నాయి. టికేకర్ జీవితమంతా కష్టపడి తీసేసిన ఆసరాను దేవకి ఒక వేలితో తెచ్చి పెట్టింది.

అప్పుడామె వాకిట్లో కూర్చుని అనపకాయలు వొలుస్తోంది. నన్ను చూసి, కాళ్లు చాపుకునే, "ఎట్లున్నయి మీ గీతలు, తేట కనపడుతున్నయా" అని అడిగింది. కనపడుతున్నాయన్నాను. "మీరు దవాఖానల ఉంటిరి గద, పండుగనాడు నేనే పెట్టె తీసి మొక్కిన" అంది, కాయ వొలిచి గింజ గిన్నెలో వేస్తూ. తాళంచెవి హైదరాబాదు పోయేముందు నేనే ఆమె చేతిలో పెట్టాను. మంచిదన్నాను. ఇంకేమనాలి. దసరా నాడు మిల్లులో బొట్టు పడని యంత్రం ఉండేది కాదు, బాయిలరుకు, కోతమిషన్లకు, తూకం రాళ్లకు, టైపు మిషనుకు, గేటు దగ్గర సైకిలుకు. సామ్యూల్ కూడా తన మిషను దగ్గర దూరంగా నిలబడి, మేం పెట్టాక కొబ్బరిముక్క తీసుకునేవాడు. నేనే లాబులో మందం కొలిచే మైక్రోమీటరుకు ఏటా బొట్టు పెట్టేవాణ్ణి, అది ఒక్కనాడు తప్పు చూపించలేదు కాబట్టి, తడి తగలకుండా పొడి కుంకుమ అంటించేవాణ్ణి, అది నాకు తెలుసు, దేవకికి ఎవరు చెప్పారు. నేను చెప్పానా. ముట్టుకోవద్దన్నాను, ఎందుకో చెప్పలేదు. ఎన్నడూ ముట్టుకోని మనిషి ఒక్కసారి ముట్టుకుంది, అదీ చేతులు కడుక్కుని, తలంటుకుని, కొత్తచీర కట్టుకుని, నా కన్ను బాగుండాలని. ఎవరి మీద కోపం తెచ్చుకోను. కోపం రావడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ ఉండాలి. నిన్నటినుంచి నా లోపల ఎవరో సామాను సర్ది, దీపం తీసేసి బయటికి వెళ్లిపోయినట్టుంది.

చెరిపే దారి ఆలోచించకుండా ఎట్లా ఉంటాను, కాగితంతో తల నెరిసినవాణ్ణి. పసుపు ఎండకు పోతుంది, ఎండలో పెడితే కాగితం పసుపు కంటే పచ్చబడుతుంది. కుంకుమ నీళ్లకు కదులుతుంది, కదిలి ఇంకా పాకుతుంది. రబ్బరు పెడితే పక్కనున్న నల్లసిరా లేస్తుంది, బ్లేడు పెడితే కాగితం పీచు లేస్తుంది. పిత్రే భూతద్దం పెట్టాడంటే చెరిపినచోటు చెరపనిదానికంటే ఎక్కువ అరుస్తుంది. పోనీ పిత్రేని ఇంటికి తీసుకుపోతే? పెట్టె ముందు కూర్చుంటాడు, దేవకి చాయ గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడుతుంది, ఆయన మూత తీసి చూసి ముఖం ఎట్లా పెడతాడో అది ఆమె చూస్తుంది. ఆమెకు మరాఠీ వచ్చు, ఆయనకు మరాఠీ వచ్చు, నాకు వింటే అర్థమవుతుంది కానీ నోరు తిరగదు, నడుమ నేను మాట మార్చి చెప్పే వీలు కూడా లేదు. అన్నం తినడం మానేస్తుంది నాకు తెలుసు. వాళ్లమ్మ పోయినప్పుడు కూడా ఇంత తినిపించాను, ఇదయితే తినిపించలేను, నా చేతిదే తినదు. అందుకే పొద్దున బయల్దేరుతూ, ఆయనకు తీరిక లేదట, ఇంటికి రాడు, స్టేషన్‌లోనే మాట్లాడి అదే పూట తిరిగి పోతాడని చెప్పాను. "గంత దూరంకెళ్లి వచ్చి ఇంట్లకు రాకుంట పోతడా" అంది. పెద్దోళ్లకు పనులుంటాయన్నాను. "పెద్దోళ్లు తినరా ఏంది" అంది, అని ఊరుకుంది. ఇప్పుడు బొమ్మ ఒకటి చూపిస్తాను, అన్నీ ఇట్లాగే ఉన్నాయి అంటాను, ఎవరు ఎందుకు అని అడిగితే ఇంట్లో పొరపాటు అంటాను. ఆయన అయ్యో అంటాడు. ఆ అయ్యో విని ఇంటికి పోయి పడుకుంటాను. ఒక్క మాటకోసం ఇన్నేళ్లు కూర్చున్నవాడికి ఒక్క మాట దొరుకుతుంది, వేరే మాట, అంతే తేడా.

సిగ్నలు పడింది. జనం మూటలు ఎత్తుకుంటున్నారు, సీతాఫలాల గంపలవాళ్లు ముందుకు జరుగుతున్నారు, ఆ గంపల నడుమ నుంచి నీలంచీర ఒకటి ఇటే వస్తోంది, అద్దాల అంచున వంగి, మధ్యకు వచ్చి నిటారై, దేవకి. చేతిలో టిఫిన్ క్యారియరు. నాకు లేవాలనిపించలేదు. పక్కన కూర్చుని క్యారియరు ఒళ్లో పెట్టుకుంది, నడిచి వచ్చిన ఆయాసం. "నిన్నెవరు రమ్మన్నరు" అన్నాను. "ఎవరు రమ్మనాలె. ఇంటికి రాకుంటె మానె, బండి దిగినోన్ని ఆకలితోటి పంపుతరా. నాలుగు రొట్టెలు, పిట్ల చేసిన." మరాఠీవాళ్లు శెనగపిండితో చేసే పిట్ల, ఆవిరి ఇంకా వస్తోంది. నువ్వు పో, నేను ఇచ్చేస్తానుగా అన్నాను. "పోతగని తియ్యుండ్రి, ఒక మాట మాట్లాడి" అంది, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ, ముఖంలో చిన్న వెలుగు, మరాఠీ మాట్లాడబోతోంది. బండి వచ్చేసింది. ఎందరో దిగారు, భుజానికి తోలుసంచి వేసుకున్న బట్టతల మనిషి ఒకడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మమ్మల్నే చూస్తూ వచ్చి, సీతారాంరావు గారేనా అని హిందీలో అడిగాడు. నేను నోరు తెరిచేలోపల దేవకి "యా, బసా" అంది, రండి, కూర్చోండి అని. ఆయన రుమాలు తీసేశాడు. అమ్మా, ఈ అడవిలో మరాఠీయా అన్నాడు. ముధోల్ అంది, నాందేడ్‌లో చుట్టాలున్నారన్నాడు, ఆమె ఏ వీధి అంది, వాళ్లిద్దరూ అట్లా మాట్లాడుకుంటుంటే నేను చెప్పదలచినది చెప్పే సందు పోయింది. క్యారియరు విప్పబోతూ ఆమె నా ఒడివైపు చూసింది. "గది పట్టుకొని అట్లనే కూసున్నరేంది, చూపెట్టుండ్రి ఆయనకు. గందుకే గద వచ్చిండు." తానే నా చేతుల్లోంచి తీసి బెంచీ మీద పెట్టి పంచె ముడి విప్పింది. పిత్రే సంచిలోంచి నూలు తొడుగులు తీసి వేసుకున్నాడు, నావిలాంటివే, మణికట్టు దగ్గర మాసినవి, అవి చూడగానే నా కళ్లు నిండాయి. పై అట్ట ఎత్తాడు.

ఎత్తినవాడు ఎత్తినట్టే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండా మరాఠీలో అడిగాడు, ఇదెవరు చేశారు అని. గొంతు మారింది, అంతకుముందు నాందేడ్ వీధులు చెప్పిన గొంతు కాదు. దేవకి చెప్పబోయింది, సంతోషంగానే చెప్పబోయింది, పెదవులు విడివడ్డాయి. నేనే, అన్నాను హిందీలో. నేనే పెట్టాను, పండుగనాడు, అన్నిటికీ పెట్టాను. పిత్రే నన్ను చూశాడు. మీరా అన్నాడు. కాగితం పనిచేసిన మనిషి, మచ్చలేదని రాసిన మనిషి, మీరా. ఆ చూపు నాకు కొత్తదేమీ కాదు, మిల్లు గేటు దగ్గరా పెద్దపల్లిలో మా అన్న ఇంట్లోనూ చూసినదే, కానీ పని తెలిసినవాడి ముఖంలో చూడడం ఇదే మొదలు, ఇది వేరేచోట తగిలింది. తగలనీ అనుకున్నాను, నేను కోరి వేసుకున్నదే. దేవకి మాత్రం నావైపు చూస్తోంది. నేను అబద్ధమాడడం ఆమె ఎప్పుడూ చూడలేదు. "గట్లెందుకంటున్నరు" అంది తెలుగులో, మెల్లగా, ఆయనకు అర్థం కాకూడదని. "పెట్టింది నేను గద." ఊకో దేవకీ అన్నాను. ఆమె ఊకోలేదు, బొమ్మను చూసింది, ఆయన చేతి తొడుగులను చూసింది, నన్ను చూసింది. "పెట్టుడు తప్పా" అని అడిగింది. కాదు అనాలి, ఆ ఒక్క మాట అంటే అయిపోయేది, రాలేదు నోట. రాకపోవడంతోనే ఆమెకు అంతా తెలిసిపోయింది. నా అబద్ధమే ఆమెకు నిజం చెప్పేసింది, ఇంత తెలివి నాది.

ఏడుస్తుందనుకున్నాను. క్యారియరు మూత కింద పెట్టి, కొంగు భుజం మీదకు లాక్కుని, పిత్రే వైపు తిరిగింది. మరాఠీలో, చిన్నపిల్లవాడికి చెప్పినట్టు ఆగి ఆగి చెప్పింది. "ఈయన కాదు, నేను పెట్టిన. ఆ దినం ఈయన కండ్లకు కట్టు కట్టిండ్రు. పండుగనాడు మనిషి పనిముట్టుకు బొట్టు పెట్టాలె గద. నౌకరి అయిపోయినంక ఇంట్ల ఈయన పనిముట్టు ఇంకోటి లేదు. గివే ఉన్నయి." పనిముట్టు. ఇన్నేళ్లలో వాటిని ఎవరూ ఆ మాట అనలేదు. టికేకర్‌కు నేను చందాదారుణ్ణి, అన్నకు పిచ్చివాణ్ణి, నేను కూడా అడిగినవాళ్లకు ఊరికే పొద్దుపోవడానికి అని చెప్పుకున్నాను, నాది ఒక పని అని నాకే తోచలేదు. వాంతి చేసుకుని చూడడం మానేసిన మనిషికి తెలుసట. ఎప్పటినుంచి తెలుసు, ఎందుకు చెప్పలేదు, నేను ఎప్పుడైనా అడిగానా. నా ఎదురుగా ఉన్న ఇద్దరూ అద్దాల్లో కరిగి ఒకరిలోకి ఒకరు పోయారు. పిత్రే తొడుగులు తీసేసి అట్ట మెల్లగా మూశాడు. మ్యూజియం వాళ్లు తీసుకోరమ్మా అన్నాడు, నాతో కాదు, ఆమెతో. ఆమె తల ఊపింది, ఆయన చేతిలో రొట్టె పెట్టింది, పిట్ల వేసింది, ఆయన తినడం మొదలుపెట్టే దాకా చూసింది. అప్పుడు నావైపు వంగింది, కళ్లు తడిగా ఉన్నాయి, మాట మాత్రం గట్టిగానే ఉంది. "నేను పెట్టిన బొట్టును మీరు పెట్టిన్నని ఇంకెన్నడు చెప్పకుండ్రి."

చెప్పనన్నాను.